పేరు మీద టేపు వేసిన డబ్బా

మా మరిది ఏ కొత్త వస్తువు గురించి విన్నా తనే కనిపెట్టినట్టు చెబుతాడు. మొన్న ఎండాకాలంలో ఆనందపురం నుంచి ఫోన్ చేశాడు. ఫోన్లు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ టీవీకి తగిలించుకుని ఆడుకునే గేమ్ డబ్బా తేవాలా వద్దా అని ఆలోచిస్తోందట. అందుకోసం ఇళ్ళకి మనుషుల్ని పంపి చూస్తోందట. తన పేరిచ్చాడు. ఇల్లు మాత్రం మాదిచ్చాడు, వాళ్ళింట్లో టీవీ చిన్నదని.

"ఒక్క గంట వదినా. నచ్చితే డబ్బా నెల్లాళ్ళు మనకే వదిలేసి ఎల్తారు. ఎవులెక్కువ ఆడతారో ఆళ్ళ దగ్గరుంచుతారు," అన్నాడు. ఎక్కువ ఆడేది తనేనని వేరే చెప్పక్కర్లేదు.

సరేనన్నాను. ఆ డబ్బా నాకే కావాలని మాత్రం అనలేదు.

మాది పెందుర్తిలో రెండు గదుల ఫ్లాటు. మా ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేస్తారు. నైట్ చేసి వచ్చిన రోజు టిఫిన్ తిని పడుకుంటే మళ్ళీ మధ్యాహ్నం దాటాకే లేవడం. షిఫ్టు మనిషి ఉన్న ఇంట్లో పగలే అర్ధరాత్రి. ఆయన వచ్చేలోపే కుక్కర్ దింపేస్తాను, కాలింగ్ బెల్ స్విచ్ కట్టేస్తాను, కూరలబండి అతనికి బాల్కనీలోంచి చేత్తో సైగ చేస్తాను. ఇక హాల్లో కూర్చుని ఫోన్లో గేమ్ ఆడతాను, సౌండ్ తీసేసి. కార్ల పందెమైనా, కోట కాపాడుకునేదైనా, ఒకటి విసుగొస్తే ఇంకోటి. ఎవరైనా అడిగితే కాసేపు నడుం వాల్చానని చెబుతాను. నలభై దాటిన ఆడమనిషి పట్టపగలు బొమ్మల్ని కాలుస్తూ కూర్చుందంటే చుట్టాలు ఏమంటారో నాకు తెలుసు. పైగా ఈ ఇంట్లో ఎవరికోసమూ కాకుండా నేను చేసే పని అదొక్కటే. అందుకే దాచుకున్నాను.

సరిగ్గా ఆయన నైట్ చేసి పడుకున్న రోజే హైదరాబాద్ నుంచి కంపెనీ పంపిన అమ్మాయి వచ్చింది. మరిది అప్పటికే వచ్చి కూర్చున్నాడు. లోపల మనిషి పడుకున్నాడని చెప్పగానే గొంతు తగ్గించింది. డబ్బా తీసి టీవీ కింద పెట్టింది. బూడిద రంగు, మిఠాయి పెట్టె అంత. పేరున్న చోట నల్ల టేపు అంటించి ఉంది. ఏ కంపెనీ అని అడిగితే చెప్పకూడదంది. అసలు అమ్మకానికి వస్తుందో రాదో ఇంకా తేలలేదంది. సోఫా ఎంత దూరంలో ఉందో చూసింది. రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందని అడిగింది. అన్నిటికీ మరిదే జవాబు చెప్పాడు. నేను పక్కన నిలబడి పుస్తకాల తెలుగులో "అవునండి, లేదండి" అంటున్నాను.

మరిది ఆడి చూపించాడు. మలుపు వచ్చిన ప్రతిసారీ కారు తీసుకెళ్ళి గోడకి కొట్టాడు. బ్రేకు ముందే నొక్కాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఈ ఇంట్లో గేమ్స్ ఎక్కువ ఆడేది ఎవరండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"నేనేనండి, చిన్నప్పట్నుంచీ," అంటూ మరిది వైరు పీకి చుట్టడం మొదలెట్టాడు. డబ్బా అప్పుడే ఆనందపురం బస్సెక్కేసినట్టు.

నాకు ఒళ్ళు మండింది.

"నాను ఆడతాను," అన్నాను. పుస్తకాల తెలుగు ఎటు పోయిందో పోయింది. "రోజూ నానే ఆడతాను."

మరిది పగలబడి నవ్వాడు. "నువ్వేటాడతావు వదినా? ఎప్పుడాడతావు?"

ఆ అమ్మాయి నా మొహంలోకి చూస్తోంది. ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడకుండా జాగ్రత్తపడ్డదాన్ని, ఇప్పుడు ఎవర్ని పిలిచి అవునని చెప్పించను? అనవసరంగా నోరు జారాననిపించింది.

అప్పుడు గదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది. మా గోలకి మెలకువ వచ్చినట్టుంది.

"మీ వదినేరా ఆడేది. ఓడిపోతే సన్నగా తిడతాది. రోజూ ఇంటాను."

ఫోన్ సౌండ్ తీసేశాను గానీ నా సౌండ్ తీయలేదన్న సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తోచలేదు.

"నిద్ర డిస్టర్బ్ అవదా సార్?" అని ఆ అమ్మాయి తలుపు వైపు తిరిగి అడిగింది.

"అలవాటైపోనాదమ్మా. తిట్లు ఆగితే టీకి లేత్తాను."

సిగ్గుతో చచ్చిపోయాను. దానికి మించి సంతోషం కూడా కలిగింది. ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే ఆడుకుంటున్నాననుకున్నాను.

మరిది నవ్వు ఆపి, చుట్టిన వైరు విప్పి మళ్ళీ తగిలించాడు. చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్‌ని ఆ అమ్మాయి నాకందించింది. సోఫాలో సరిగ్గా మధ్యన కూర్చున్నాను. లోపల మా ఆయన మంచం దిగుతున్న చప్పుడైంది.

"టీ నువ్వెట్టు," అన్నాను మరిదితో.