సత్తు పడవకి బొట్లు

పోయినేడు పెద్ద బోటు మీద వేటకెళ్ళినప్పుడు మా బావ కళ్ళు తిరిగి సముద్రంలో పడ్డాడు. బావంటే మా ఆయనే, మేనత్త కొడుకు. తోటివాళ్ళు చూశారు కాబట్టి పైకి లాగారు. డాక్టరు గారు బిళ్ళలు రాసిచ్చి, ఇక సముద్రం లోపలికి వెళ్ళొద్దన్నారు. వెళ్ళకపోతే ఇల్లెలా గడుస్తుందో మాత్రం ఆయన రాసివ్వలేదు.

ఈ వేసవి వేట నిషేధం ముగిసేలోగా మాకంటూ ఒక చిన్న పడవ దొరికితే బావ మా కోడూరు వైపు ఏట్లోనే వల వేసుకుంటాడు. అక్కడ చాలాచోట్ల పోటు తగ్గి పాటు తీసినప్పుడు నీళ్ళు ఛాతీ దాటవు. పడినా గట్టు మీద ఎవరో ఒకరు చూస్తారు. పడవ దొరక్కపోతే మళ్ళీ పెద్ద బోటే. మళ్ళీ వారం, పది రోజులు మనిషి ఎలా ఉన్నాడో తెలియక నేను చావాలి.

ముదినేపల్లి దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద పాత సత్తు పడవ ఉందని తెలిసి వెళ్ళాం. అల్యూమినియాన్ని మా ఇళ్ళల్లో సత్తు అనే అంటాం, గిన్నె అయినా పడవైనా. చేపలకి మేత జల్లడానికి వాడి వాడి వదిలేశారు. బోర్లించి దాని కింద కోళ్ళని పెట్టారు. నేను బందరు మార్కెట్లో చేపలమ్మేదాన్ని, బేరంలో నాతో పెట్టుకున్నవాళ్ళు తక్కువ. "పడవ రేటు చెప్పకండి, కోళ్ళగూడు రేటు చెప్పండి" అన్నాను. చెరువు రైతు పగలబడి నవ్వి, పాత సామాను తూకానికే ఇచ్చేశాడు.

ట్రాలీ ఆటోలో వేసుకుని వస్తూ, అడుగు ఓసారి చూపిద్దామని గుడివాడలో ఒక వెల్డింగ్ షాపు ముందు ఆగాం. ఆయన పడవ చుట్టూ తిరిగి, "ఇది మామూలు వెల్డింగ్ కాదండీ, దీని గ్యాసే వేరు" అంటూ ఒక రేటు చెప్పాడు. మేం పడవకి పెట్టిందానికంటే అదే ఎక్కువ. బావ నా మొహం చూశాడు, నేను డ్రైవర్ మొహం చూశాను. ఆటో కదిలింది.

ఇంటికొచ్చాక బావ, పడవ అడుగున ఉన్న పాత తారు మీదే ఇంకాస్త తారు పూశాడు. ఎండాక కాలవలో దింపితే పూటంతా చుక్క నీరు రాలేదు. ఆ రోజు మా బావ నవ్వు చూడాలి! శుక్రవారం గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి ఏట్లోకి దింపుదామనుకున్నాం.

గురువారం నేను బందరు వెళ్ళొచ్చేసరికి పడవ తళతళా మెరుస్తోంది. మా అత్త పొద్దుటినుంచీ చింతపండు, బూడిద, కొబ్బరి పీచు పెట్టి తోమింది. పీచుకి లొంగని తారుని అట్లకాడతో గీకింది. "గంగమ్మ దగ్గరికి ఆ మసితో వెళ్తారా?" అంది. అంత మెరుపు చూసి నేనూ మురిసిపోయాను, నాకేం తెలుసు!

శుక్రవారం కొబ్బరికాయ కొట్టి పడవని నీళ్ళలోకి తోశాం. బావ ఎక్కి కూర్చున్నాడో లేదో, పాదాలు తడిశాయి. చూస్తుండగానే నీళ్ళు మడమల దాకా వచ్చేశాయి. వెనక్కి లాగేసి, బావ గట్టు మీద తలపట్టుకు కూర్చున్నాడు. "ఇంక బోటు ఓనరుకి ఫోన్ చేస్తాలే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బంగారంలాంటి పడవని జల్లెడ చేశావు కదత్తా!" అని నలుగురిలో అరిచాను.

అత్త ఏం తగ్గలేదు. "గిన్నె తోమితే చిల్లు బయటపడిందంటే తప్పు తోమిందానిదా, గిన్నెదా?" అంది. అని ఊరుకోలేదు. పడవని రెండు దుంగల మీదికెక్కించి, లోపల బిందెలతో నీళ్ళు పొయ్యమంది. కారుతున్న కుండలో చిల్లుని అలాగే పట్టుకుంటారట. పోశాం. అడుగున చుక్కలు చుక్కలుగా నీళ్ళు ఊరుతుంటే, అత్త పూజ పళ్ళెంలో కుంకుమ తీసి ఊరిన ప్రతిచోటా బొట్టు పెట్టుకుంటూ పోయింది. పేరంటానికి వచ్చిన ముత్తైదువలా ఉంది పడవ. కోపంలో కూడా నాకు నవ్వొచ్చింది.

కూర్చునే బల్ల కింద ఒకచోట మాత్రం బొట్టు సరిపోలేదు. జానెడు పొడవున గీత. బావ వంగి దాని మీద వేలు పెట్టి నొక్కాడు. రేకు లోపలికి వంగింది. ఇన్నాళ్ళూ దాన్ని పట్టి ఉంచింది ఆ తారొక్కటే. బావ అలాగే చతికిలబడి, "ఏరు సముద్రంలో కలిసే చోట ఒక్క అల తగిలితే ఇది రెండుగా విచ్చుకునేదే" అన్నాడు. అత్త మాత్రం పక్కన నిలబడి చేతికంటిన కుంకుమ కొంగుకి తుడుచుకుంటోంది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. "సర్లే, పళ్ళెం పట్టుకో" అంది.

బందరులో గిన్నెలకి మాట్లు వేసే సాయిబు గారిని బతిమాలి పిలుచుకొచ్చాను. రేకు ముక్కలు కొనడమెందుకని నేను చేపలమ్మే సత్తు బేసిన్‌ని కోయించాను. పాత ట్యూబు ముక్క మెత్తగా కింద పరిచి, పైన రేకు పెట్టి, రివిట్లు కొట్టారాయన. బొట్టు బొట్టుకీ ఒక మాటు పడింది, ఆ గీత మీద పెద్దది. మళ్ళీ నీళ్ళు పోసి చూశాం. గంట చూసినా అడుగు పొడిగానే ఉంది. నేనైతే చేత్తో తడిమి తడిమి చూశాను.

నిషేధం ఎత్తేసిన రోజు హార్బరునుంచి పెద్ద బోట్లన్నీ బయల్దేరాయట. మా బావ వల వేసుకుని ఏట్లో తెడ్డు వేస్తున్నాడు. బిళ్ళ వేసుకోవడం మర్చిపోయాడని అప్పుడు చూశాను. గట్టు మీద నిలబడి గొంతు చించుకుని తిట్టాను.

"వస్తున్నానే, అరవకు!" అని అక్కణ్ణుంచే కేకేశాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో వేటకెళ్ళిన మనిషి నా మాటకి జవాబివ్వడం అదే మొదటిసారి.