సగం పాటకు పాలిష్

ఇప్పుడు ఏ పాట కావాలన్నా వేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు, వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఆ రోజుల్లో పాట దొరకాలంటే రైలెక్కాలి, ఊళ్లు తిరగాలి, ముక్కూ మొహం తెలియని వాళ్ల తలుపులు తట్టాలి. అందుకేనేమో అప్పటి పాటలన్నీ నాకు ఊళ్లతో సహా గుర్తున్నాయి. అలా వెతికి వెతికి ఒక పాటను పట్టుకొని, పట్టుకొని నాలుగు రోజులైనా కాకముందే దాన్ని సగం చంపించిన ఘనత నాది. (చంపింది నేను కాదు. కానీ తీసుకెళ్లి చేతికిచ్చింది నేనే.)

నిజాం జమానా పోయి అప్పటికి పదేళ్లు కావస్తోంది. నాకు ఇరవై ఏళ్లు. తాండూరులో ఒక బండల వ్యాపారి దగ్గర లెక్కలు రాసే మున్షీగా కొత్తగా కుదిరాను. చెవిలో కలం, కనుబొమ్మల మీద రాతిపొడి, నడకలో కలెక్టరు దర్జా. ఆదివారం వచ్చిందంటే ప్యాసింజరు బండిలో వికారాబాదులో మా మేనత్త ఇంటికి పోయేవాణ్ణి. నన్ను పెంచింది ఆమే. ఆమెకు పాటంటే ప్రాణం, అందులోనూ ఒకే ఒక్క వాగ్గేయకారుడంటే. ఆయన పేరు కూడా పలికేది కాదు, ‘అయ్యవారు’ అనేది. అయ్యవారి పెద్ద కీర్తనలు కచేరీల్లో అందరూ పాడేవే. అత్తకు కావలసినవి అవి కావు. పదిమంది కూర్చొని తాళాలు వేస్తూ కలిసి పాడుకోవడానికి ఆయన కట్టిన చిన్న పాటలు కొన్ని ఉన్నాయి, విద్వాంసులు వాటిని పట్టించుకోరు. అత్త అవే ఏరుకొచ్చి, వాడకట్టులోని పదిమంది ఆడవాళ్లకు నేర్పి, ఆదివారాలు భజన నడిపేది.

వాటిలో ఒక పాట దగ్గర మాత్రం ప్రతిసారీ బండి ఆగిపోయేది. పల్లవి అయ్యేది, మూడు చరణాలు అయ్యేవి, గొంతులన్నీ మంచి ఊపులో ఉండగా అత్త తాళం ఆపి, ‘గింతవరకే. దీని తర్వాత నా పెండ్లయింది’ అనేది. చిన్నప్పుడు సగం నేర్చుకున్నాక అత్తవారింటికి పంపేశారట. మిగతా సగం నలభై ఏళ్లుగా పుట్టింట్లోనే ఉండిపోయింది. నేర్పినావిడ ఎప్పుడో పోయింది. ఒక ఆదివారం ఆ మాటతో పాటు అత్త కళ్లు కూడా చెమ్మగిల్లడం చూశాను. అంతే, నా నోరు ఊరుకోలేదు. ‘నేను తెస్తానత్తా! ఎక్కడో ప్లేటు ఉండకపోదు. తొలి ఏకాదశి నాడు ఈ పాట మొత్తం పాడిస్తా’ అనేశాను. (గ్రామఫోను రికార్డును ప్లేటనే అనేవాళ్లం.) పదిమందీ పకపకా నవ్వారు. ‘బండలమ్మే పిలగానికి పాటలేడ దొరుకుతయి?’ అన్నదొకావిడ. అత్త మాత్రం నవ్వలేదు. ‘మావోడు తెస్తడు’ అన్నది. ఆ ఒక్కమాటకు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది, నిద్ర మాత్రం పోయింది.

హైదరాబాదులో నాలుగు దుకాణాలు తిరిగాను. మూడు చోట్ల నవ్వారు. నాలుగో ఆయన జాలిపడి, ‘అందరు కల్సి పాడే పాటలు అందరు కొనరు బాబూ’ అని నీతి చెప్పి పంపాడు. ఇక చేతులెత్తేద్దామనుకుంటుండగా, బండలు కొనడానికి సేడం నుంచి వచ్చిన ఒక బేరగాడు, తమ ఊళ్లో ఒక ముసలాయన ఇంట్లో పెట్టె నిండా పాత ప్లేట్లున్నాయన్నాడు. మరుసటి రోజే రైల్లో ఉన్నాను! ఆ ముసలాయనకు బొత్తిగా చెముడు. నేను పాట మొదటి మాట అరిచి, అరిచి, చివరికి కాగితం మీద రాసి చూపించాను. ఆయన పెట్టె అడుగునుంచి ఒక ప్లేటు తీసి, ‘నన్న కివి హోయ్తప్పా, నీనే తగో’ అన్నాడు కన్నడంలో. చెవులు పోయాయి, నువ్వే తీసుకో అని! ఒక దిక్కు పాట మొదటి భాగం, రెండో దిక్కు మిగతా భాగం. ప్లేటు నడుమ అంటించిన చీటీల మీద ఆ అక్షరాలు చూసి నేను సేడం స్టేషనులో గంతులేస్తే, టికెట్ల బాబు నాకు ఎండదెబ్బ తగిలిందనుకొని కుండలో నీళ్లిచ్చాడు.

ఎండదెబ్బ తగిలింది నాకు కాదు, ప్లేటుకు. కిటికీ పక్కన ఒళ్లో పెట్టుకొని ఊరేగిస్తూ తెచ్చాను కదా, తాండూరులో దిగేసరికి అప్పడంలా వంకర తిరిగింది. మా దుకాణంలో నునుపు మేస్త్రి అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన చెయ్యి పడితే ఎంత గరుకు బండైనా నున్నబడాల్సిందే, అందుకే ఆ పేరు. ఆయన ప్లేటును అటూ ఇటూ తిప్పి చూసి, ‘గింత దానికి ఫికరెందుకు మున్షీ? రెండు బండల నడుమ పెట్టి ఎండకుంచుత. సాఫ్ అయితది’ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్లేటు ఆయన చేతిలో పెట్టి, వ్యాగన్లకు బండలెత్తించే పని మీద స్టేషనుకు పోయాను.

తిరిగొచ్చేసరికి మేస్త్రి ముఖం వెలిగిపోతోంది. ప్లేటు తాంబాళంలా చదునుగా ఉంది. అంతటితో ఆగితే నేనీ కథ రాసేవాణ్ణి కాదు. ‘వంకర తీసిన. కని మీదంత సన్నసన్న గీతలుండె మున్షీ, ఒక్క జాగ ఇడువకుండ! ఎవడు జేసిండో గని పని రాదు వానికి. ఇసుక, నీళ్లు కొట్టి రుద్దిన, ఆఖరికి నూనెగుడ్డ వెట్టిన. జర నీ మొఖం జూస్కో’ అన్నాడు. చూసుకున్నాను. నా ముఖం స్పష్టంగా, నోరు తెరుచుకొని కనబడింది. పాట ఉండేది ఆ గీతల్లోనే తాతా అని చెబితే ఆయన కూలబడ్డాడు. నాకు హఠాత్తుగా ఆశ పుట్టి, ‘రెండో దిక్కు?’ అని అరిచాను. ‘కింది దిక్కెవలు రుద్దుతరు? బండకు మీది మొఖమేనాయె’ అన్నాడు ఏడుపుగొంతుతో. తిప్పి చూశాను. గీతలున్నాయి! కానీ పైదిక్కు చీటీ రుద్దుడుకే పోయింది, తడిబండ మీద పరిచినందుకు ఈ దిక్కు చీటీ ఊడి ముద్దయిపోయింది. మిగిలింది అత్తకు వచ్చిన సగమా, రాని సగమా? చెప్పగలిగే గ్రామఫోను వికారాబాదులో అత్త ఇంట్లోనే ఉంది. తెల్లవారితే ఏకాదశి.

ఆ ప్రయాణమంతా దేవుళ్లకు నేను మొక్కిన టెంకాయలన్నీ కొడితే ప్యాసింజరు బండి పట్టాలు తప్పేది. మేస్త్రి కూడా నాతో వచ్చాడు, ‘తప్పు నాది, తిట్లు నేనే తింట’ అని. అత్త ఇంట్లో పదిమందీ తాళాలతో సిద్ధంగా ఉన్నారు. ‘తెచ్చినవారా?’ అన్నది అత్త. తలూపాను. మెరిసే ముఖాన్ని అడుగుకు తోసి, హ్యాండిలు తిప్పి, ముల్లు పెట్టాను. గరగరా చప్పుడు. తర్వాత ఒక్కసారిగా ఎన్నో గొంతులు కలిసి లేచాయి. అత్త తాళం ఎత్తిన చెయ్యి గాలిలో ఆగిపోయింది. పెదవులు కదిలాయి, పాటలో మాట అందలేదు. ‘ఆగు’ అన్నది. నేను ముల్లు ఎత్తబోయాను. ‘గిది నాకు రాదు’ అన్నది. మళ్లీ, ఈసారి గట్టిగా, చిన్నపిల్లలా చప్పట్లు కొడుతూ, ‘గిది నాకు రాదురా!’

రాదన్న మాట అంత సంతోషంగా అన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. మేస్త్రి గడపలో కూర్చొని రుమాలుతో కళ్లొత్తుకున్నాడు. ఇసుకరేణువు గీసిన ఒకచోట ముల్లు ఇరుక్కొని అదే మాట మళ్లీ మళ్లీ పాడేది, మూడోసారికి నేను వేలితో తడితే ముందుకు కదిలేది. వాళ్లు అలాగే నేర్చుకున్నారు. తర్వాతెప్పుడో ఒక సంగీత పండితుడు ఆ మాట ఒకసారే పాడాలని చెబితే అత్త, ‘మీరు ఒక్కసారే పాడుకోండ్రి. మా ప్లేటుల మూడుమాట్లున్నది’ అని తేల్చేసింది.

మెరిసే దిక్కు ఆమె కంట పడినప్పుడు, ‘అది నీకు వచ్చిన సగం అత్తా, నలభై ఏళ్లు పాడితివి కద, అరిగింది’ అన్నాను. ‘అట్లనా’ అని ఊరుకుంది. మేస్త్రి మొదటిరోజే ఆమె కాళ్ల మీద పడి అంతా చెప్పేశాడని నాకు పదేళ్ల తర్వాత తెలిసింది. ఆ పదేళ్లూ నేను ఎంత తెలివైనవాణ్ణని మురిసిపోయానో!

ఇప్పుడు అత్త లేదు, మేస్త్రి లేడు. ప్లేటు నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు తీసి, ఆయన రుద్దిన దిక్కు తుడుచుకుంటాను. అందులో నోరు తెరుచుకున్న ఇరవై ఏళ్ల మున్షీ కోసం చూస్తే, బోసినోటి ముసలాయన ఒకడు నవ్వుతూ కనబడతాడు. వాడికి పాట మొత్తం వచ్చు.