రెండాటోల జనం

సింగపూర్‌లో వెల్డింగ్ పని చేసే నేను రెండేళ్ళ తరవాత సెలవు మీద ఇంటికి బయల్దేరాను. నన్ను విమానాశ్రయంలో దింపడానికి తీసుకెళ్తున్న వ్యాను డ్రైవరు రహీం మలేషియావాడు. "మీ ఊరెంత దూరం?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు.

"విశాఖపట్నానికి విమానంలో నాలుగ్గంటలు. అక్కణ్ణుంచి పాతపట్నానికి బస్సులో ఇంకో నాలుగ్గంటలు," అన్నాను.

అతని ఇల్లు సింగపూర్‌నీ మలేషియానీ కలిపే వంతెన దాటితే వచ్చేస్తుందట. రోజూ రాత్రి పెళ్ళాం చేతి వంటే తింటాడట. నాకు కడుపు మండిపోయింది.

"నిన్ను తీసుకెళ్ళడానికి బస్టాండుకి ఎంతమంది వస్తారు?"

"రెండాటోల జనం."

రహీం నిట్టూర్చాడు. "అదృష్టవంతుడివి. నేను గుమ్మంలో అడుగు పెడితే చాలు, గ్యాస్ బండ మోసుకురమ్మంటుంది మా ఆవిడ." నన్ను చూసి అతను కుళ్ళుకోవడమేమిటని నవ్వొచ్చింది.

ఇంటికొచ్చిన వారానికి మా ఇంట్లో గ్యాస్ అయిపోయింది. ఖాళీ బండ ఎత్తబోతుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"నువ్వు కూకో మావా. నాల్రోజులుండి ఎల్లిపోయేవోడివి, నీకేటికీ పన్లు? మా తమ్ముడు తెత్తాడు."

బావమరిది బండని భుజానికెత్తుకున్నాడు. "అప్పా, టీ ఎట్టు, ఇప్పుడే వచ్చెత్తాను," అని వాళ్ళక్కకి కేకేసి వెళ్ళాడు.

వాడొచ్చాక ఇద్దరికీ టీ తెచ్చింది. వాడికి రోజూ తాగే స్టీలు గ్లాసులో, నాకు అలమరలోంచి తీసిన కొత్త కప్పూ సాసరులో. రహీంని చూసినప్పటికంటే ఎక్కువగా, సొంత బావమరిదిని చూసి కుళ్ళుకున్నాను.