జానెడెత్తి ఆపడం

1978లో నన్ను, ఉత్తరాదిన మేం పనిచేసే కార్ఖానాలో, ఖలాసీ గ్యాంగుకి సర్దారుగా వేశారు. బరువైన యంత్రాలకు ఇనపతాడు కట్టి క్రేనుకి తగిలించడం మా పని. ఎంత తొందరున్నా బరువును ముందు జానెడెత్తి ఆపాలి, చుట్టూ తిరిగి చూడాలి. కట్టు జారుతోందని ఎవరికి అనిపించినా, నిన్న చేరినవాడైనా సరే, "దించు" అనాలి. అన్నందుకు ఇంజనీరైనా కోప్పడకూడదు. దించి మళ్లీ కట్టుకోవడమే.

నా గ్యాంగులో పైడిరాజు కవి. కొత్తగా అచ్చయిన కవితా సంపుటాలు విశాఖ నుంచి పోస్టులో తెప్పించుకునేవాడు. నాకు చదువు నాలుగో తరగతితో సరి. అందుకని టిఫిను వేళ నాకు చదివి వినిపించేవాడు. ఒక్కో కవితా చదివి ఆగి, "ఏటి మావా, లేసిందా?" అనేవాడు. లేవలేదంటే అదే పేజీ మళ్లీ చదివి, ఎక్కడ జారిందో వెతికేవాడు. పేరున్నవాళ్లనీ అలాగే చూశాడు. తన కవితల్నీ ఎన్నోసార్లు దించి కట్టాడు. వాటిని పుస్తకంగా వేయిస్తామని ఆ ఊళ్లోని మా తెలుగు సంఘం మాటిచ్చింది. అతనికి అంతకు మించిన ఆశ లేదు.

సంఘంలో నెలకో ఆదివారం ఒక కొత్త సంపుటాన్ని పరిచయం చేసేది కూడా అతనే. ఒకసారి కార్యదర్శి గారి సొంత సంపుటమే వచ్చింది. ఆయన పెద్ద ఆఫీసరు. పైడిరాజు లేచి, "మొదటి మూడూ బాగా లేసినాయండి. అక్కణ్నుంచి కట్టు జారిపోనాది. దించీసి మళ్లీ కట్టండి బాబూ" అన్నాడు. గ్యాంగులో చెప్పినంత మామూలుగా చెప్పాడు. అందరూ నవ్వారు. కార్యదర్శి గారూ నవ్వి, "మావాడు కవిత్వాన్ని కూడా క్రేనుకి తగిలించేస్తాడండీ" అన్నారు.

వారం తిరక్కుండా, అచ్చుకని సంఘానికిచ్చిన పైడిరాజు కవితల కట్ట వెనక్కి వచ్చేసింది. వెళ్లి అడిగితే, "నీవీ ఓసారి దించి కట్టుకో, పైడిరాజూ" అన్నారట కార్యదర్శి గారు.

ఆ తర్వాత టిఫిను వేళ అతని చేతిలో పుస్తకం కనబడలేదు. మేమూ అడగలేదు.

రెండేళ్లకు కార్యదర్శి గారి రెండో సంపుటం వచ్చింది. పైడిరాజే పరిచయం చేశాడు. ఏ పేజీ దగ్గరా ఆగకుండా గంటసేపు పొగిడాడు. అతనికి శాలువా కప్పారు. ఆ ఏడే అతని పుస్తకం అచ్చయింది. బాగ్‌బేరా బస్తీలో మా క్వార్టరుకి వచ్చి ఒక కాపీ నా చేతిలో పెట్టాడు.

"మావా, దీన్ని మాత్రం జానెడెత్తి ఆపకు" అన్నాడు.

మా అమ్మాయి చేత చదివించుకున్నాను. చాలా కవితలు లేచాయి. ఆ మాట అతనితో అన్నాను కానీ, అతను నమ్మలేదు. అప్పటికి మెచ్చుకోలు ఎలా తయారవుతుందో అతనికి తెలిసిపోయింది.

కార్ఖానాలో అబద్ధం చెబితే బరువు మనిషి మీద పడుతుంది. సభలో ఏదీ పడదు. రిటైరయ్యేదాకా నా గ్యాంగులో చేరిన ప్రతివాడికీ జానెడెత్తి ఆపడం నేర్పాను. దాన్ని కార్ఖానా గేటు బయట మాత్రం వాడొద్దని కూడా చెప్పాను.