కొండల ఊరి వడ్రంగి కట్టిన ఆవిరి గది

మా పక్కింటి వడ్రంగి పోయిన మంగళవారం కన్నుమూశాడు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే బడి పంతులు రాస్తున్నాడు. ఒక్క మాట మింగినా ఊరుకోనని ఆయనకు ముందే చెప్పాను.

వడ్రంగి తెల్లవాడు. చక్కెర నింపుకోవడానికి మా దీవికి వచ్చిన ఓడ దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. ఈ ఊళ్ళో, కాంప్ ద మాస్క్‌లో మా ఎడ్లబండ్లకు చక్రాలు చేస్తూ ముప్పై ఏళ్ళు ఉండిపోయాడు. పుట్టింది ఫిన్లాండులో, కోర్పిలహ్తి అనే ఊళ్ళో. అక్కడ కొండ దిగితే చెరువు, చెరువు దాటితే మళ్ళీ కొండ అట. అన్ని మంచినీళ్ళు వదిలి ఉప్పునీళ్ళ మీద ఎందుకు పడ్డావని దెప్పాను.

“మా చెరువులకు అవతలి ఒడ్డు కనిపిస్తుంది అక్కా,” అన్నాడు. “ఒడ్డు కనిపించని నీళ్ళు చూద్దామని వచ్చాను.”

శనివారం మా మగవాళ్ళకు తలంటు. ఆయనకు ఆవిరి. పెరట్లోని చెక్కగదిలో రాళ్ళు కాల్చి, నీళ్ళు చల్లి, ఆ ఆవిరిలో కూర్చుని జామకొమ్మలతో ఒళ్ళు కొట్టుకునేవాడు. మొదటిసారి పొగ చూసి, మనిషి కాలిపోతున్నాడనుకుని తలుపు తన్ని, బిందెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించాను. ఒంటిమీద నూలుపోగు లేదు. నెల రోజులు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆ గదిలో గుళ్ళో ఉన్నట్టు ఉండాలనేవాడు. అరవకూడదు, తిట్టకూడదు. అది నాకెంత కష్టమో ఊరికి తెలుసు.

తుఫానుకు మా ఇంటి కప్పు ఎగిరిపోయిన రోజే నా కోడలికి నొప్పులు మొదలయ్యాయి. ఆయన గది ఒక్కటే చెక్కుచెదరలేదు. దాన్ని కడిగి, నీళ్ళు కాచి పెట్టి, వాళ్ళ ఊరి ఆడవాళ్ళు ఇలాంటి గదిలోనే కంటారని చెప్పి, తను వానలో నిలబడ్డాడు. అప్పటి నుంచి మా ఊరి కాన్పులన్నీ అక్కడే.

ఇప్పుడు తోట పనివాళ్ళ మీద పెత్తనం చేసే సర్దారు ఆ గది కూల్చి చెరకు వేస్తానంటాడు. చచ్చినవాడి గది అరిష్టమట. చదివేవాళ్ళే చెప్పండి. ఆయన పోయింది ఇంట్లో మంచం మీద. ఆ గదిలో ఇంతవరకు పుట్టినవాళ్ళే గాని పోయినవాళ్ళు లేరు.

ఇవాళ పొద్దున గడ్డపారలతో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. లోపల నా మనవరాలు నొప్పులు పడుతోంది, మంత్రసాని పక్కనే ఉంది. నేను గుమ్మంలో కూర్చున్నాను.

“నువ్వు పుట్టింది ఇక్కడే నాయనా,” అన్నాను ముందు నిలబడ్డవాడితో. “మీ అమ్మనడిగి వచ్చి కూల్చు.”

వాడు సర్దారు వైపు చూశాడు. గడ్డపార గోడకు ఆనించి, ఏం కావాలని నన్నడిగాడు. నీళ్ళన్నాను.

ఇద్దరూ ఇప్పుడు ఏటి నుంచి బిందెలు మోస్తున్నారు. సర్దారు చెరకు గట్టున ఒక్కడే కూర్చున్నాడు. చెక్కల సందుల్లోంచి ఆవిరి లేచి, సర్దారు తలమీదుగా తోటలోకి పోతోంది.