పది లక్షల ఒకటి ప్రధానం కాదు

సెల్‌ఫోన్లు ఇంకా మా అడవి దాకా రాని రోజులవి. దుమ్ముగూడెం దగ్గర ఒక ఊళ్లో లెక్కల మాస్టారుగా చేరి మూడు నెలలైంది. నా అంత తెలివైనవాడు గోదావరికి ఇవతల లేడని నా గట్టి నమ్మకం (అవతల సంగతి విచారించలేదు). ఆ పొగరుతోనే ఒకరోజు తొమ్మిదో తరగతి బోర్డు మీద 10,00,001 అని రాసి, ఇది ప్రధాన సంఖ్య, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా పోదు అని ప్రకటించాను. ఒక ఆదివారమంతా కూర్చుని, తొంభై ఏడు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించి చూశాను మరి. దేనితోనూ పోలేదు. ఇక చాల్లే అని పెన్ను మూసేశాను. (వెయ్యి దాకా చూడాలని నాకు తెలుసు. తెలిసినవన్నీ చేస్తామా?)

"అన్నిట్లతోటి చేసి చూసిన్రా సార్?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. "అవ్" అన్నాను గానీ మనసులో పీకుతూనే ఉంది. వచ్చే ఆదివారం కల్లూరులో నా ప్రధానం, అంటే పెళ్లి ఖాయం చేసుకునే వేడుక. ఈలోగా ఈ సంగతి తేల్చుకుందామని సాయంత్రం ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, సత్తుపల్లిలో లెక్కలు చెప్పే స్నేహితుడికి ఫోన్ చేశాను. "అది ప్రధానం కాదురా" అన్నాడు వాడు. అంతలో లైన్ కట్టయింది. "ప్రధానం కాదా! అయిపాయె! అందరికీ చెప్పేసిన గదరా, ఇంక మొఖం ఎట్ల చూపియ్యాలె?" అని బూత్ అదిరేలా అరిచాను. బూత్ నడిపే అక్క పుట్టిల్లు కూడా కల్లూరే. నేను గుమ్మం దిగకముందే ఆమె ఫోన్ ఎత్తింది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా కాబోయే మామగారు బడి ముందు బస్సు దిగారు. కోస్తా నుంచి వచ్చి కల్లూరులో మిరపతోట వేసిన మనిషి. కోపం కూడా అంత ఘాటే. "ఏందయ్యా, ప్రధానం కాదన్నావంట? మా పిల్లలో ఏం లోపం కనపడింది?" ఆ పిల్లను చూసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు, ఇప్పుడు ఒక సంఖ్య మూలంగా సంబంధం పోయేలా ఉంది! ఆయన్ను బోర్డు దగ్గరికి తీసుకెళ్లి సంఖ్య చూపించి, జరిగిందంతా చెప్పాను. నమ్మలేదు. "మా అమ్మాయి బీయస్సీ లెక్కలు. అదే తేలుస్తది, పద" అని నన్ను బూత్‌కు నడిపించారు.

నేను సంఖ్య చెప్పగానే ఫోన్లో కాసేపు కాగితాల చప్పుడు. తర్వాత ఆమె గొంతు: "నూటొకటితో పోతది. తొమ్మిది వేల తొమ్మిదొందల ఒకటి సార్లు. మీరు ఎక్కడిదాక చూసిండ్రు?"

"తొంభై ఏడు" అన్నాను. ఆ తర్వాతి ప్రధాన సంఖ్యే నూట ఒకటి.

అవతల పకపకా నవ్వు. ఫోన్ మామగారికి ఇచ్చాను. ఆ నవ్వు ఆపుకుంటూ ఆమె అన్న మాట పక్కనున్న నాకూ వినపడింది: "ప్రధానం ఉంటది నాన్నా. ఆయనకు లెక్కలు రావు, గంతే."

ఇరవై ఏళ్లయింది. ఇప్పటికీ నేను బండి తాళం కోసం ఇల్లంతా వెతికి చతికిలబడితే, "నూటొకటి చూసిండ్రా?" అంటుంది మా ఆవిడ. లేచి ఇంకొక్క చోట చూస్తాను. అక్కడే ఉంటుంది. పెన్ను మూసేసిన ఆ పొగరుబోతు మాస్టారి మీద మాత్రం నాకు కోపం రాదు. వాడు ఆ ఆదివారం ఇంకొక్క భాగహారం చేసి ఉంటే, ఆ నవ్వు నేను అంత ముందుగా వినేవాణ్ణి కాదు.