రుస్తాఖ్ తోట గట్టున గోగు వరుస

నా భార్య ఎస్తేరు రుస్తాఖ్‌లో నర్సుగా పనిచేసేది. నా ఉద్యోగం మస్కట్‌లో, ఇల్లు దార్సైట్‌లో. వారాంతాల్లో తనే వచ్చేది. నేను అక్కడికి వెళ్లిన కొద్దిసార్లూ ఆసుపత్రి క్వార్టర్స్ దాకా వెళ్లి తిరిగొచ్చాను. తను పోయాక ఆ దారిలో నాకు పని పడలేదు. ఈ సెప్టెంబరులో పడింది. రుస్తాఖ్ చూడాలనుకునేవాళ్లకు దారి ఖర్చులూ వివరాలూ పనికొస్తాయని రాస్తున్నాను. నేను వెళ్లిన కారణం మాత్రం వేరు.

రాజన్న అనే ఆయన ఆసుపత్రిలో నా నంబరు తీసుకుని ఫోన్ చేశాడు. జగిత్యాల దగ్గరి మనిషి. రుస్తాఖ్ అవతల ఒక చిన్న ఖర్జూర తోటలో చాలా ఏళ్లుగా పని. ఒకప్పుడు కాలు విరిగి ఎస్తేరు వార్డులో ఉన్నాడు. నయమై వెళ్లాక తను అతనికి గోంగూర మొక్కలు ఇచ్చిందట. ఈ సంగతి నాకు తెలియదు.

"సార్, సిస్టరమ్మ ఇచ్చిన పుంటికూర తోటి పరేషాన్ వచ్చింది" అన్నాడు. గోంగూరను వాళ్ల వైపు పుంటికూర అంటారు. "గంజాయి అంటున్నరు. కార్ల పొయ్యేటోళ్లు ఫొటో తీసిండ్రట. అది తిరిగి తిరిగి మా అర్బాబ్ ఫోనుకే వచ్చింది. ముసలాయన రెండ్రోజుల సంది సరిగ తింటలేడు."

అర్బాబ్ అంటే యజమాని. ఆయన పేరు సాలిం. మొక్కలు రాత్రికి రాత్రే పీకేస్తానని రాజన్న అన్నాడట. దొంగతనంగా పీకితే నిజంగానే దొంగ పంట అనుకుంటారని ఆయన ఒప్పుకోలేదు. తనే వ్యవసాయ కార్యాలయానికి వెళ్లి, వచ్చి చూడమని అడిగాడు. బుధవారం పొద్దున అధికారి వస్తున్నాడు. తేడా వస్తే రాజన్న వీసా రద్దు చేయించి పంపించక తప్పదని చెప్పాడు.

"నాకు ఇంగ్లీషు రాదు, ఆయనకు పుంటికూర తెల్వదు. మీరొచ్చి ఒక్క మాట చెప్పుండ్రి సార్."

నేను డిగ్రీలో చదివింది వృక్షశాస్త్రం. చేస్తున్నది అకౌంట్స్. ఆ పాత చదువు పనికొచ్చేట్టు కనిపించడం ఇదే మొదటిసారి. గోంగూరలో ఒక రకానికి ఆకు అయిదు, ఏడు చీలికలుగా వేళ్లు చాపినట్టు ఉంటుంది. అది నార పంట కూడా. దాని శాస్త్రీయ నామంలోనే 'గంజాయి వంటిది' అనే అర్థం ఉంది. అంటే ఫొటో తీసినవాళ్లు పొరబడిన చోటే పేరు పెట్టినాయన కూడా ఒక క్షణం ఆగాడన్నమాట. ఆఫీసులో సెలవు పెట్టాను.

బుధవారం పొద్దున ఆరింటికి బయలుదేరాను. మస్కట్ నుంచి రుస్తాఖ్‌కు షేర్ టాక్సీలు దొరుకుతాయి, సీటుకు కొద్ది రియాళ్లతో పోతుంది. కానీ అవి నిండితే గానీ కదలవు. నాకు టైం ముఖ్యం కాబట్టి తిరుగు ప్రయాణంతో కలిపి బండి మొత్తం ముప్పై రియాళ్లకు మాట్లాడుకున్నాను. బర్కా దాకా సముద్రానికి సమాంతరంగా పెద్ద రోడ్డు. అక్కడ లోపలికి తిరిగితే నఖల్ మీదుగా కొండల వెంట వెళ్తుంది. రెండు గంటల లోపే చేరొచ్చు. నఖల్ దగ్గర కోట రోడ్డు మీదికే కనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆగడం మంచిది. పొద్దున ఎండ కంట్లో కొడుతుంది.

డ్రైవరు బలూచీ మనిషి, ఉర్దూ చక్కగా మాట్లాడతాడు. కోటకా, వేడినీటి ఊటకా అని అడిగాడు.

"ఒక ఆకు చూడటానికి."

"ఆకు కోసం రుస్తాఖ్ దాకానా సాబ్? మస్కట్‌లోనే, రూవీ బజారులో కట్టలు కట్టలు అమ్ముతారు."

జరిగింది చెప్పాను. బండి వేగం తగ్గించాడు. తర్వాత, "మిమ్మల్ని తోట బయటే దింపుతాను. నేను అటువైపే చూడను" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ, దింపి నిజంగానే బండిని చాలా దూరంలో చెట్టు నీడకు తీసుకెళ్లి పెట్టుకున్నాడు. గంజాయి అన్న మాట ఇక్కడ ఎంత బరువైనదో అప్పుడు తెలిసింది.

తోట చిన్నది. చుట్టూ మట్టిగోడ, రోడ్డు వైపు మాత్రం గోడ కూలి గట్టు మిగిలింది. మధ్యలో ఖర్జూర చెట్లు, కింద పశువుల గడ్డి, నిమ్మచెట్లు. ఫలజ్ అనే పాతకాలపు కాలువ నీళ్లు వంతుల ప్రకారం వస్తాయి. రాజన్న మొక్కలు గట్టు పొడుగునా ఉన్నాయి. నా ఎత్తు దాటాయి. ఎర్రటి కాడలు, చీలిన ఆకులు. గాలికి అన్నీ ఒక్కసారే రోడ్డు వైపు వంగుతున్నాయి.

"పోయి పోయి రోడ్డు మీద ఎందుకు వేశావు రాజన్నా?"

"గోగు గట్టు మీదనే ఏస్తరు కద సార్. మా దగ్గర పసుపు చేనుకు, మిర్ప చేనుకు చుట్టూత గోగే ఉంటది. పశువులు రాకుంట అడ్డం ఉంటదని ఏసిన."

నిజమే. మా బాపట్ల వైపు కూడా గోగు గట్టునే ఉంటుంది. ఇంకోచోట వేయాలన్న ఆలోచన మనవాళ్లకు రాదు. ఇక్కడ మాత్రం అదే రోడ్డున పోయేవాళ్ల కంట పడింది.

"గంజాయి కాదని చెప్పకపోయావా?"

"చెప్పిన. ఆయన ముంగటనే పచ్చి ఆకులు పిడికెడు నమిలి చూపించిన. పులుపుకు నా మూతి వంకర పొయ్యింది. నవ్వొచ్చింది. నవ్వేటాల్లకు ఆయనకు ఇంకింత అనుమానం వచ్చింది."

సాలిం రేకుల పందిరి కింద చాప మీద కూర్చుని ఉన్నాడు. తెల్లగడ్డం, చేతికర్ర. మన దేశపు పనివాళ్లతో మాట్లాడి మాట్లాడి వచ్చిన హిందీ ఆయనది. కొద్దిసేపటికి అధికారి వచ్చాడు. యువకుడు, పై చదువు విదేశంలో చదివాడు, ఇంగ్లీషు మాట్లాడతాడు. అతను వస్తూనే గట్టు వైపు నడుస్తాడనుకున్నాను. నడవలేదు. కూర్చున్నాడు. ఒమన్‌లో పల్లెలకు వెళ్లేవాళ్లు ఇది తెలుసుకోవాలి: ఎంత పెద్ద పని మీద వచ్చినా ముందు ఖర్జూరం, కహ్వా. యాలకులు వేసిన ఆ కాఫీ చిన్న కప్పుల్లో పోస్తారు. వార్తలేమిటని ఒకరినొకరు అడుగుతారు. ఏమీ లేవు, అంతా క్షేమం అంటారు. సాలిం కూడా అలాగే అడిగాడు, అధికారి అలాగే బదులిచ్చాడు. వార్త గట్టు మీద నిలబడి ఊగుతూనే ఉంది.

నా కప్పు ఖాళీ అయినప్పుడల్లా సాలిం నింపుతున్నాడు. రాజన్న వెనక నుంచి మెల్లగా, "కప్పు అటిటు ఊపుండ్రి సార్. లేకుంటే పొద్దుమూకే దాక పోస్తనే ఉంటడు" అన్నాడు. ఊపాను. అప్పుడు లేచారు.

అధికారి ఒక కొమ్మ వంచాడు. నన్నూ దగ్గరికి పిలిచి చూపించాడు. గంజాయి ఆకులో ఒక్కో వేలూ విడివిడిగా కాడ దగ్గరికి వచ్చి కలుస్తుంది, ఇందులో చీలికలు అడుగున ఒకే ఆకుగా అతుక్కుని ఉన్నాయి. కాడ మీద సన్నటి ముళ్లు. జేబులోంచి చిన్న భూతద్దం తీసి ఆకు వెనక్కి తిప్పాడు. మధ్య ఈనె మొదట్లో ఒక చిన్న గ్రంథి కనిపించింది. ఇది బెండ, పత్తి కుటుంబం. ఆకు నలిపి వాసన చూశాడు. చివరికి కొరికాడు. అతని ముఖం కూడా రాజన్న చెప్పినట్టే అయింది. కానీ ఈసారి మొదట నవ్వింది సాలిమే.

పని అయినట్టే. నాకు మాత్రం తెలుసుకోవాలని ఉంది. ఇది గంజాయి జాతే అయి, మత్తు లేని రకమైతే ఏమయ్యేదని అడిగాను. నార కోసం, గింజ కోసం పెంచే ఆ రకాన్ని హెంప్ అంటారు. మన ఉత్తరాఖండ్‌లో అనుమతి తీసుకుని పండించవచ్చు. మత్తు కలిగించే టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదు.

"ఇక్కడ ఆ శాతాల మాటే లేదు. పెంచితే నేరం" అన్నాడు అధికారి. "నేను చదువుకున్న చోట ఉండేది. కోతకు ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి మొక్కల కొసలు కత్తిరించి ల్యాబుకు పంపేవాడు. గీత దాటితే చేను మొత్తం దున్నేయాలి. ఒక చిన్న రైతు చేను అలా దున్నడం చూశాను."

"ఆయన తప్పు ఏమిటి?"

"ఏమీ లేదు. విత్తనం మంచి చోటే కొన్నాడు. కానీ పూత ముదిరే కొద్దీ ఆ శాతం పెరుగుతుంది. ఒక వారం ఆలస్యంగా కోసినా దాటొచ్చు. పెద్ద కంపెనీలు మధ్యమధ్యలో సొంత ఖర్చుతో పరీక్ష చేయించుకుని ముందే కోసేస్తాయి. చిన్న రైతుకు ఇన్‌స్పెక్టర్ చెప్పేదాకా తెలియదు."

మేం ఏం మాట్లాడుకుంటున్నామని సాలిం అడిగాడు. అధికారి అరబ్బీలో చెప్పాడు. ఆయన ఆలోచించి హిందీలో నాతో అన్నాడు: "అంటే నిన్న పంట, ఇవాళ నేరం. మొక్క మాత్రం అదే మొక్క. పాపం, దానికి తెలుసా తను ఎంత శాతమో?"

ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారని అన్నాను. గీత గీసేవాళ్లు ఒకసారి తోటకు వచ్చి కహ్వా తాగాలి అన్నాడాయన.

ఇది తినే ఆకుకూరేనని, అభ్యంతరం లేదని చెప్పి అధికారి బయలుదేరాడు. రాజన్న అతని కోసం ఒక కట్ట కోశాడు. కారులో పెట్టుకుని వెళితే దారిలో ఎవరికి సమాధానం చెప్పాలి అంటూ అధికారి చేయి అడ్డం పెట్టాడు.

కారు వెళ్లాక సాలిం గట్టు దాకా నడిచాడు. "ఇతనికి తెలిసింది. రోడ్డు మీద పోయే ప్రతి కారుకూ ఎవరు చెబుతారు? ఇది గంజాయి కాదు అని బోర్డు పెడదామా?"

"అట్ల రాస్తే పక్కా గంజాయే అనుకుంటరు అర్బాబ్" అన్నాడు రాజన్న.

ముసలాయన నవ్వలేదు. ఇంకోసారి ఫొటో వెళ్తే పోలీసులు రావొచ్చు. అప్పుడు విడిపించడం తన వల్ల కాదు. వరుస మొత్తం తీసెయ్యమన్నాడు.

రాజన్న కదలలేదు. నా వైపు చూసి, ఆయనతో హిందీలో చెప్పాడు. ఇవి ఈ సార్ భార్య ఇచ్చినవి, ఆసుపత్రిలో నర్సు, ఇప్పుడు లేరు.

సాలిం కర్రను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. చనిపోయినవారిని తలచుకుని వాళ్లు చెప్పుకునే మాట చెప్పాడు. తర్వాత, "నాకు తెలియదు. అయితే ఉండనీ. ఎవరైనా అడిగితే నేనే సమాధానం చెబుతాను" అన్నాడు.

ఆయన అన్నాడంటే చేస్తాడు. ఉంచుకోమంటే ఉండేవి. ఈ దేశంలో ఎస్తేరు చేతి మీదుగా వచ్చి ఇంకా పెరుగుతున్నవి అవే. కానీ పోలీసులు వస్తే ముందు అడిగేది ఆయన్ని కాదు, రాజన్నని. విరిగిన కాలికి ఎస్తేరు కట్టు కట్టి పనికి పంపిన మనిషి.

"పీకేద్దాం" అన్నాను.

"సార్..."

"ఆకు మనం తిందాం. కాడలు లోపల కాలువ పక్కన గుచ్చుదాం. మా ఆవిడ ఫ్లాట్ బాల్కనీలో గుచ్చితేనే బతికేవి, ఇక్కడ బతకవా?"

సాలిం నీడ ఎక్కువ పడని చోటు చూపించాడు, మట్టిగోడ లోపలి వైపు, నిమ్మచెట్ల మధ్య. రోడ్డుకు కనిపించదు. రాజన్న మొక్కలు పీకాడు. నేను ఆకు దూశాను. నార బలంగా ఉంది. కాడ విరగదు, చీలుతుంది. కొడవలితో జానెడు ముక్కలుగా కోసుకున్నాం. బురదలో చెప్పులతో దిగలేక విడిచేశాను. ఒక వరుస నేను గుచ్చాను. రెండో వరుస సగంలో ఉండగా సాలిం నీళ్ల వంతు వచ్చింది, ఆయనే వెళ్లి రాయి జరిపి కాలువ ఇటు మళ్లించాడు.

మధ్యాహ్నం రాజన్న రూమ్‌లో పప్పు వండాడు. ఎండుమిర్చి ఎక్కువేశాడు. సాలిం రొట్టెతో తిన్నాడు, పులుపు ఎక్కువైందని పెరుగు అడిగాడు. డ్రైవరును పిలిస్తే ముందు రాలేదు. వాసనకు వచ్చి రెండుసార్లు వేయించుకున్నాడు. తిరుగు దారిలో నఖల్ కోట దగ్గర ఆగుదామా అన్నాడు. వద్దన్నాను. చేతుల నిండా గోగు జిగురు ఉంది, కడుక్కోవాలనిపించలేదు.

చట్టం అంకెతో చూస్తుంది, రోడ్డు మీది మనిషి కంటితో చూస్తాడు. అంకెకు ల్యాబు ఉంది, అప్పీలు ఉంది. కంటికి ఏమీ లేదు. చిన్న తోటల మీద ముందు పడేది రెండోదే. ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నది ఇంతే. ఎస్తేరు ఆ ఊళ్లో ఎవరెవరికి ఏమేం ఇచ్చిందో నాకు తెలియదు. ఇప్పుడు అడగడం మొదలుపెట్టాను. కోట కూడా చూడలేదు కాబట్టి మళ్లీ వెళ్లాలి. ఆ కాడలు వేళ్లూనుకున్నాయో లేదో రాజన్నను ఫోనులో అడగలేదు. వెళ్లే చూస్తాను.

వెళ్లేవాళ్లకు ఒక సలహా. రుస్తాఖ్ తోటల వెంట నడక హాయిగా ఉంటుంది, ఫొటోలు తీయాలనిపిస్తుంది. గట్టు మీద తెలియని మొక్క కనిపిస్తే ఫోను తీసేముందు తోటలో పనిచేస్తున్న మనిషిని పిలిచి, ఇదేమిటని అడగండి. బహుశా అతను తెలుగులోనే చెబుతాడు.